పేర్లు పోయిన తీగలు

మా ఆఫీసు బందరు కాలువ గట్టున, మూడో అంతస్తులో ఉండేది. మధ్యాహ్నం వేళ నీటి మీద పడిన ఎండ కిటికీలోంచి వచ్చి పైకప్పు మీద కదిలేది. వేసవిలో కాలువ కట్టేస్తే పైకప్పు కూడా నిశ్చలమయ్యేది.

అక్కడ మేము చేసే పని, చిప్పు లోపలి సర్క్యూట్‌ను గీయకుండా రాయడం. దానికి వెరిలాగ్ అనే భాష ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ భాషలోనే రాశాను, ఇతరులు రాసింది సరిచూశాను. అంకెలు తప్ప మరి దేనినీ సాక్ష్యంగా ఒప్పుకోనని ఆఫీసులో అందరికీ తెలుసు.

అప్పట్లో మా చేతిలో ఉన్నది, లాకుల దగ్గర నీటిమట్టం కొలిచే పరికరానికి ఒక చిన్న చిప్పు. అందులో నేను పూర్వం రాసిన లెక్కల భాగాన్ని, మా జట్టులోని ఒక అమ్మాయి కొత్త భాషలో తిరిగి రాసింది. ఆ భాషలో మనిషి నాలుగు పంక్తులు రాస్తే, అదే నలభై పంక్తుల వెరిలాగ్ తయారుచేసి ఇస్తుంది. సీనియర్లమంతా వద్దన్నాం. "ఇన్నాళ్లూ వెరిలాగే అన్నం పెట్టింది కదండీ, ఇప్పుడు దానికేం రోగం?" అన్నారు పక్క సీటాయన. నిర్ణయం మాత్రం నా సంతకం మీద ఆగింది. నేను కాదంటే ఆమె వర్షాకాలమంతా చేసిన పని పక్కకు పోతుంది. చిప్పు పాత రాతతోనే తయారీకి వెళుతుంది.

సరిచూడటానికి కూర్చున్నాను. పాతదానికీ కొత్తదానికీ ఒకే నీటిమట్టాల అంకెలు ఇచ్చి, ప్రతి తీగలో విలువ ఎప్పుడెలా మారిందో చూపే గీతలను తెర మీద ఒకదాని కింద ఒకటి పరిచాను. ఆకుపచ్చ గీతలు లేచాయి, పడ్డాయి, మళ్లీ లేచాయి. ఒక్క బిట్టు తేడా లేదు. అంకెల ప్రకారం నాకు అభ్యంతరమేదీ మిగలలేదు. అయినా కలం తీయలేకపోయాను.

కారణం తెలియక, ఆ భాష తయారుచేసిన వెరిలాగ్‌ను తెరిచాను. నా పాత రాతలో పెద్ద తీగలకు కాలువల పేర్లుండేవి: ఏలూరు, బందరు, రైవస్. వాటి నుంచి చీలిన సన్నటి తీగలకు, చల్లపల్లి చుట్టుపక్కల చేలకు నీరు తీసుకుపోయే బోదెల పేర్లు పెట్టాను. విలువ తప్పితే ఆ పేర్ల వెంట నడిచి తప్పును పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ పేర్లు లేవు, టి-16, టి-17, టి-18 అని వరుస అంకెలే ఉన్నాయి.

పైకప్పు మీద నీటి వెలుగు ఆడుతూనే ఉంది. కుర్చీలోనే కునుకు పట్టినట్టుంది. నేను గట్టు మీద నడుస్తున్నాను. నీరు నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. ప్రతి తూము మీదా సున్నంతో ఒక అంకె. వరుస ఎక్కడా తప్పలేదు. చేలో వంగి ఉన్న ఒకాయనను "ఇది ఏ బోదె అండీ?" అని అడిగితే, ఆయన తూము మీది అంకె చూపించి మళ్లీ నీళ్లలోకి వంగాడు. ఎటు వెళ్లాలో నాకు తెలియలేదు.

"సార్, విలువలు కలిశాయా అండీ?" అన్న ఆ అమ్మాయి మాటకు కళ్లు తెరిచాను.

"కలిశాయమ్మా. నా కాలువలే కనబడటం లేదు."

ఆమె తెర చూసి నవ్వింది. "అంకెలే నమ్ముతానంటారు కదండీ. అన్నీ అంకెలే ఇచ్చింది, ఇంకేం కావాలి సార్?"

"రేపు తేడా వస్తే ఎక్కడని వెతకను?"

"పేరు ఉంచమని ఒక్క మాట రాస్తే ఉంచుతుందండీ. మీరంతా వద్దన్నారే గాని, ఇది కావాలని ఎవరూ అడగలేదు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చెబుతుంటే టైపు చేసింది. "ఈ బోదె పేరు పలకడానికే నోరు తిరగట్లేదు సార్," అంటూనే చేసింది. ఒక్కొక్క కాలువే వచ్చి తన చోట నిలిచింది. చివరకు టి-17 మిగిలింది. అది నా రాతలో లేదు. రెండు పాయలను కలిపి ఆమె కొత్తగా పుట్టించినది.

"దీనికేం పెట్టమంటారు?"

"మీ వీధి పేరేమిటమ్మా?"

"మా వీధికి పేరెక్కడిది సార్. ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డు వెనకే ఇల్లు. నాలుగో క్రాస్ రోడ్డు, అంతే. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే చెప్పి ఆటో ఎక్కుతున్నాను. ఎప్పుడూ దారి తప్పలేదు."

పైకప్పు వైపు చూశాను. ఎండ వాలి, నీటి వెలుగు పలచబడి గోడ మీదికి జారింది. టి-17ను అలాగే ఉండనిమ్మని చెప్పి, సంతకం చేసి, కింద తేదీ వేశాను.