మార్కండేయులు గారి అనుమానాలు

మార్కండేయులు గారు ఎవర్నీ నమ్మరు. టీకొట్లో గ్లాసు కడుగుతుంటే పక్కనే నిలబడి చూస్తారు. పెళ్ళికి వెళితే ఒక చెప్పు ఈ గుమ్మం దగ్గర, రెండోది ఆ గుమ్మం దగ్గర విడుస్తారు. కరెంటు పనికొస్తే, మెయిన్ ఆపేశానని నేను ఒట్టేసి చెప్పినా టెస్టర్ పెట్టి చూసుకుంటారు. ఆ టెస్టర్ మీదా నమ్మకం లేదు. ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని తేల్చుకున్నాకే పనిలో దిగుతారు.

మంగళగిరి నేతవాళ్ళ బిడ్డ. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోలేక, పద్దెనిమిదో ఏట మోటార్లకు తీగ చుట్టే షాపులో చేరారు. ఇరవై ఏళ్ళు మిరప చేలల్లో, పత్తి చేలల్లో బోరు మోటార్ల వెంట తిరిగి, తరవాత గుంటూరు చేరారు. ఎందుకండీ ఇంత అనుమానం అని అడిగితే, లైన్ ఆపేశామన్న మాట నమ్మి స్తంభమెక్కిన స్నేహితుడి సంగతి చెపుతారు. అది విన్నాక ఇంకెవరూ ఆయన్ని ఆట పట్టించరు.

నాకూ అనుమానం తక్కువేం కాదు. నల్లపాడు దారిలో మా అన్నయ్య శశిభూషణ్ కట్టించిన ఈతకొలను చూసుకునేది నేనే. పదిమంది పనివాళ్ళతో వేగేదాన్ని, అందర్నీ నమ్ముకుంటూ కూర్చుంటే నీళ్ళలో కలిపే మందు డబ్బాలు కూడా మిగలవు.

ఈ ఏప్రిల్లో, వేసవి క్లాసులకు నాలుగు రోజుల ముందు, నీళ్ళు శుభ్రం చేసే పంపు కాలిపోయింది. షాపువాళ్ళు కొత్త పంపు ఇచ్చి ముస్తాక్ అనే మెకానిక్‌ని పంపారు. ముప్పై ఏళ్ళుంటాయి, తక్కువ మాట్లాడతాడు. పంపుతోపాటు ట్రిప్పర్ పెట్టుకుంటేనే గ్యారంటీ అన్నాడు. కరెంటు పోవలసిన దారిలో కాక ఇంకెటైనా పోతే, మనిషికి షాక్ తగలకుండా దానంతటదే ఆగిపోయే స్విచ్చి అది. సరే, బిగించాడు. పంపు వేశాడు. ట్రిప్పర్ టక్కున పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది.

మార్కండేయులు గారిని పిలిపించాను. ఆయన పంపు చుట్టూ రెండుసార్లు తిరిగి, పాత సరుక్కి రంగేసి అంటగట్టారని తేల్చేశారు. నాకు వెంటనే నిజమనిపించింది. ముస్తాక్ పంపు విప్పి షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చక్కగా తిరిగిందట. మర్నాడు తెచ్చి మళ్ళీ బిగిస్తే ఇక్కడ మళ్ళీ ట్రిప్పయింది. ఈలోపు మార్చేశారేమోనని, పంపు అడుగున మేకుతో తాను ముందే గీసిన గీత వెతికారు మార్కండేయులు గారు. గీత ఉంది. అయినా ఆయన ముఖంలో అనుమానం పోలేదు.

లైన్లోనే ఏదో ఉందండీ అని ముస్తాక్ అన్నాడు. ఆ లైను నేను లాగిందయ్యా అన్నారు ఈయన. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

శనివారం వెళ్తూ వెళ్తూ ముస్తాక్ నా దగ్గర ఆగాడు. "మేడం, ఈ పంపు ఇంకోసారి వాపసొస్తే సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నారు మా ఓనరు. ఒక్కసారి పంపు తీసేసి, ఆ తీగలకి బల్బు తగిలించి చూడమనండి. బల్బుకి కూడా పడిపోతే పంపు తప్పు కాదన్నట్టే కదా."

ఆ గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది. కానీ కాలయాపన చేస్తున్నాడేమోనన్న ఆలోచన కూడా వదల్లేదు. అయినా ఆ మాట మార్కండేయులు గారి చెవిన వేశాను.

ఆదివారం పొద్దున్నే ఆయన ఒక్కరే వచ్చారు. బల్బూ హోల్డరూ ఇంటి నుంచే తెచ్చుకున్నారు, మా బల్బు మీద నమ్మకం లేక. పంపు తీగలు విప్పి బల్బుకి కలిపి స్విచ్చి వేశారు. బల్బు అలా మిణుక్కుమందో లేదో ట్రిప్పర్ పడిపోయింది. బల్బు మార్చారు, హోల్డర్ మార్చారు. అదే వరస. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకే అర్థమైంది, తప్పు పంపుది కాదని.

ఆయన స్టూలెక్కి గోడ మీద, కప్పుకింద, తీగలు కలిపే చిన్న పెట్టె తెరిచారు. లోపల నల్ల టేపు చుట్టిన ముడి ఉంది. టేపు చివర లోపలికి మడిచి ఉంది, విప్పేటప్పుడు గోటికి అందేలా. అలా మడిచే మనిషిని నేను ఒక్కర్నే చూశాను. ఆయన ఆ ముడి విప్పి, బోర్డు నుంచి కొత్త తీగ లాగి కలిపారు. పంపు వేస్తే హాయిగా తిరిగింది.

సరిగ్గా అప్పుడే ముస్తాక్ వచ్చాడు. అన్నయ్య ఫోను కూడా అప్పుడే. పంపు తిరుగుతోందని చెప్పి, అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టాను.

"చూశావా సుధా, ఆ ముస్తాక్ అడ్డదిడ్డంగా బిగిస్తే మార్కండేయులు గారొచ్చి సరిచేశారు. ఉండు, ఆ షాపాయనకి ఇప్పుడే చెప్తాను" అన్నాడు అన్నయ్య.

ముస్తాక్ తల వంచుకున్నాడు. మార్కండేయులు గారు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. ఆయన నోరు విప్పరనే అనుకున్నాను. నేనైతే విప్పేదాన్ని కాదు.

"శశిబాబూ, ఫోన్ పెట్టేయకండి. అతని పనిలో వంక పెట్టడానికేం లేదు. తప్పు నాది."

అప్పుడు చెప్పుకొచ్చారు. నాలుగేళ్ళ కిందట, ఈతకొలను మొదలుపెట్టే ముందురోజు, గొట్టంలో, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగని ఎలుకలు కొరికేశాయి. కొత్తది లాగే వ్యవధి లేదు. మిరపకాయలు ఆరబోసే కళ్ళాల్లో న్యూట్రల్ లేనప్పుడు, నేలలో ఇనప మేకు దిగ్గొట్టి, దానికి తీగ కలిపి బల్బు వెలిగించుకోవడం ఆయనకి అలవాటు. ఆ అలవాటుతోనే ఇక్కడ నేలలోకి వెళ్ళే ఎర్త్ తీగని న్యూట్రల్ బదులు కలిపేశారు. రెండు రోజుల్లో మార్చాలనుకుని మరిచిపోయారు. ట్రిప్పర్ లేనన్నాళ్ళూ అడిగిన వాళ్ళు లేరు. అది వచ్చిన రోజు నుంచీ చెపుతూనే ఉంది, మేమే వినలేదు.

తరవాత నావైపు తిరిగి, ఎండాకాలంలో నిచ్చెన పట్టుకుంటే చిమచిమలాడుతోందని ఎవరైనా అన్నారా అని అడిగారు. కొలనులోకి దిగే ఇనప నిచ్చెన కూడా ఆ ఎర్త్‌కే కలిపి ఉందట. ఎండలకి ఎర్త్ గొయ్యి పొడిబారితే ఆ కరెంటు నిచ్చెనలోకీ వస్తుందట.

లేదనబోయాను. అంతలోనే నిరుడు మే నెల గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళ నా కూతురు అమూల్య నిచ్చెన పట్టుకోనని మొండికేసింది, జివ్వుమంటోందమ్మా అంటూ. క్లాసు ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాను. నా కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి, నాకేం తెలుస్తుంది? దాని తడి చెయ్యి పట్టుకుని ఆ కడ్డీ మీద నేనే నొక్కి పెట్టాను.

ఆయన్ని చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. నాలుగేళ్ళు పిల్లలు పట్టుకున్నారండీ దాన్ని అని మాత్రం అనగలిగాను.

పంపు బాగానే ఉందని షాపుకి చెప్తానని, ముస్తాక్‌ని ఏమీ అనుకోవద్దనమని చెప్పి అన్నయ్య ఫోన్ పెట్టేశాడు. ముస్తాక్ మెట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

మార్కండేయులు గారు సంచి సర్దుకుని బండి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చారు.

"ముస్తాక్, నాతో ఒకచోటికి రావాలయ్యా. ఇక్కడ ఆ ముడి కట్టిన వారమే ఒక బళ్ళో కూడా తీగ కట్టాను, పిల్లలు చేతులు కడుక్కునే కుళాయి మోటారుకి. ఎలా కట్టానో గుర్తు లేదు. బాగానే ఉందని నేను చెపితే నమ్మకు. నువ్వు విప్పి చూడు."

ముస్తాక్ లేచి వెళ్ళి ఆయన వెనక బండెక్కాడు. మర్నాడు ఏడున్నరకే ఆ బడి తెరుస్తారు.