నాంబోజో కొసరు

ఎల్గాన్ కొండ కింద మా ఊరి సంతలో నాంబోజో టమాటాలు అమ్ముతుంది. అమ్మడం మాటవరసకే. ఆమె అసలు వృత్తి పక్కన కూర్చునే ఖయింజాను ఆడిపోసుకోవడం. ఖయింజావీ టమాటాలే. ఇద్దరికీ ఎందుకు చెడిందో ఇద్దరికీ గుర్తులేదు. ముఖాముఖి మాట్లాడుకుని ఏళ్ళయింది. ఏ దెప్పిపొడుపైనా కొనేవాళ్ళ మీదుగానే అటు చేరాలి.

"ఆ పక్కావిడ కుప్ప చూశావా తల్లీ? పైనవన్నీ పెళ్ళికూతుళ్ళు, కిందవన్నీ తాతమ్మలు" అనేది నాంబోజో.

ఖయింజా వెంటనే తాను కొసరు రెండు వేస్తానని గాలికి చెప్పేది. నాంబోజో పళ్ళు నూరుతూ మూడు వేసేది. కొనేవాళ్ళు పాపం ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి సంచీ ఇంకాస్త తెరిచేవాళ్ళు.

ఇంతలో మాకు మేడ సంత కట్టించారు. టమాటాల కోసం మెట్లెక్కే మహానుభావులు ఊళ్ళో ఎవరున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. చీటీలు తీస్తే నాంబోజోకు కింద గుమ్మం పక్కనే బల్ల వచ్చింది, ఖయింజాకు పై అంతస్తు. ఆ ఆదివారం చర్చిలో నాంబోజో గొంతే అందరికంటే పైన వినిపించింది.

పోటీ పోయింది కదా, కొసరు మానేసింది. వెయ్యకపోతే కొనేవాళ్ళు ఎక్కడికి పోతారనుకుంది. వాళ్ళు రోడ్డు మీది టమాటాల బండి దగ్గరికి పోయారు. టమాటాలు బల్లమీదే మెత్తబడసాగాయి. తిట్టడానికి పక్క బల్ల మీద ఉల్లిపాయలమ్మే ముసలాయన ఉన్నాడు గానీ, ఆయన్ని ఏమన్నా నవ్వి ఊరుకుంటాడు. అంత చప్పిడి మనిషితో ఎవరైనా ఎంతకాలం వేగుతారు?

చివరికి ఒకరోజు, పైన గాలి బాగుంటుందట అని ఆయనకు అబద్ధం చెప్పి మెట్లెక్కింది. ఖయింజా ఒక్కతే కూర్చుని, ముడతలు పడ్డ టమాటాల కుప్పను విడదీసి మళ్ళీ పేరుస్తోంది. నాంబోజోకు మనసు చివుక్కుమంది. మాట అందించడానికి మధ్యలో కొనేవాళ్ళెవరూ లేరు. తప్పనిసరై తానే నోరు విప్పింది.

"నీ పుచ్చు సరుకును అసహ్యించుకోడానికైనా ఇక్కడ మనిషి లేడు కదే. కిందికి రా. నా బల్లలో సగమిస్తా."

ఖయింజా ఆమెను ఎగాదిగా చూసింది.

"సగమేనా? కొసరేదీ?"

నాంబోజో పళ్ళు నూరుతూ వంగి, ఖయింజా గంపను తన తలకెత్తుకుని మెట్లు దిగింది.