జేబులో ఛార్జర్

డిసెంబరు రెండో ఆదివారం, కెనడాలోని స్కార్‌బరో. ఇంట్లో ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, మా అమ్మాయి సుధ, కింద బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న హారిక. అల్లుడు ఊళ్లో లేడు. హారికతో ఉండే అమ్మాయి పొద్దున్నే గోడౌన్‌లో షిఫ్టుకు వెళ్లిపోయింది, తన ల్యాప్‌టాప్, ఛార్జర్ సంచీలో వేసుకుని.

నేను విద్యుత్ శాఖలో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా చేరి ఇంజనీరుగా రిటైరయ్యాను. దయ్యాలున్నాయని ఏనాడూ నమ్మలేదు. శ్మశానం పక్కన ఉన్న సబ్‌స్టేషన్‌లో ఏళ్ల తరబడి ఒంటరిగా డ్యూటీ చేశాను. అక్కడ నన్ను భయపెట్టినవి పాములు, పిడుగులే. డైరీ రాసే అలవాటు ఆ ఉద్యోగంలోనే పట్టుకుంది. జరిగింది జరిగినట్టు రాయాలి, ఊహ కలపకూడదు. ఇదీ అలాగే రాస్తున్నాను.

స్కార్‌బరోలో అప్పట్లో మా వీధిలో విద్యార్థులు లేని బేస్‌మెంట్ లేదు. హారికది కరీంనగర్. అది ఆమెకు చివరి టర్మ్. ప్రాజెక్టు రిపోర్టు సోమవారం పొద్దున్నకల్లా పంపాలి. పంపకపోతే కోర్సు పోతుంది. మళ్లీ చదువుదామంటే స్టడీ పర్మిట్ గడువు అంతదాకా ఆగదు.

శనివారం ఆమె ల్యాప్‌టాప్ తనను నడిపే లోపలి ప్రోగ్రాముకు, అంటే ఫర్మ్‌వేర్‌కు, అప్‌డేట్ అడిగింది. ఆ పిల్ల సరేనని నొక్కి, ఛార్జింగ్ పెట్టి పడుకుంది. లేచేసరికి ఛార్జింగ్ ఎక్కలేదు, ఉన్నదీ అయిపోవచ్చింది. ఆ ల్యాప్‌టాప్‌కు గుండ్రటి పిన్ను లేదు. ఉన్నవి రెండే రెండు యూఎస్‌బీ-సీ రంధ్రాలు. ఛార్జర్ పెట్టినా, పెన్‌డ్రైవ్ పెట్టినా వాటిలోనే. అప్‌డేట్ తర్వాత రెండూ మూగబోయాయి.

హారిక పైకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "అంకుల్, మీరు కరెంటాఫీసుల చేసిండ్రంట గదా. ఒక్కసారి చూస్తరా?"

సుధ నవ్వింది. "నాన్నా, అది మీ ట్రాన్స్‌ఫార్మర్ కాదు. చూసి ముట్టుకోండి."

కిందికి దిగి, చేయాల్సినవన్నీ వరసగా చేశాను. రంధ్రాన్ని టార్చిలైటు వేసి చూసి, టూత్‌పిక్‌తో దుమ్ము తీశాను. కేబుల్ తిరగేసి పెట్టాను. గోడ ప్లగ్గు మార్చాను. ఛార్జర్ మంచిదే; సుధ ఫోను దానితో చక్కగా ఛార్జ్ అయింది. పవర్ బటన్ చాలాసేపు నొక్కి పట్టుకుని వదిలాను. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను మర్యాదగా ఇవే మళ్లీ చేయించాడు. చివరికి, పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లమన్నాడు. వెళ్లబోతే తెర మీద ఒక మాట వచ్చింది: ముందు ఛార్జర్ తగిలించండి.

తగిలించే ఉంది. అదే కదా పని చేయనిది. ఆ మాట చూపిస్తూనే తెర ఆరిపోయింది.

సర్వీసుకిస్తే మదర్‌బోర్డు మార్చాలని, లోపల ఉన్నవి మిగులుతాయని చెప్పలేమని ఫోన్‌లో అతను అన్నాడు. కాలేజీ ఖాతాలో ఉన్నది నెల కిందటి ప్రతి. హారిక ఏడవలేదు. కుర్చీలో కూర్చుని ఒక వేలితో ఆ నల్లటి తెర తుడుస్తూ ఉండిపోయింది. నా చేతుల్లో చేయగలిగింది ఏదీ మిగల్లేదు. ఉద్యోగంలో ఎన్ని లైన్లు తెగినా నాకు ఇంత చేతకానితనం అనిపించలేదు.

ఇక్కడ మా వృత్తి అలవాటు ఒకటి చెప్పాలి. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ ఆపరేటర్ దగ్గర అనుమతి తీసుకుంటాడు. దాన్ని లైన్ క్లియర్ అంటాం. ఆపరేటర్ కరెంటు ఆపి, ఫ్యూజు పీకి జేబులో పెట్టుకుంటాడు, తెలియక ఇంకెవరూ కరెంటు ఇవ్వకుండా. పని అయ్యాక ఆ లైన్‌మనే వచ్చి, పని అయిపోయింది, లైను తిరిగి ఇస్తున్నాను అని నోటితో చెప్పాలి. ఆ మాట వినపడేదాకా లైను అతనిదే.

ఆ అలవాటుతోనే నేను ఛార్జర్‌ను గోడ నుంచి పీకి, కేబుల్ విడదీసి, ఛార్జర్ దిమ్మను స్వెటర్ జేబులో వేసుకున్నాను. కేబుల్ ఒక కొస ల్యాప్‌టాప్‌లోనే ఉంది. రెండో కొస బల్ల వెనక్కి జారిపోయింది. తీరిగ్గా తీయవచ్చులే అని, హారికను అన్నానికి రమ్మని పైకి వచ్చాను. ఆకలి లేదంది.

మేం తినడం పూర్తి కాకముందే మెట్ల కింది నుంచి పిలిచింది. "అంకుల్, ఎక్కుతుంది! ఏం చేసిండ్రు?"

దిగి చూశాను. ల్యాప్‌టాప్ పక్కన తెల్లటి చిన్న దీపం వెలుగుతోంది. తెర మీద ఛార్జింగ్ గుర్తు ఉంది.

"ఏ ఛార్జర్ పెట్టావమ్మా?" అన్నాను.

"నేనేం పెట్టలే. మీరే పెట్టి పోయిండ్రు గదా?"

జేబులో చెయ్యి పెట్టాను. దిమ్మ నా వేళ్లకు చల్లగా తగిలింది.

హారికకు ఏమీ చెప్పలేదు. ముందు ఉన్నది ఉన్నట్టు మెయిల్‌లో పంపుకోమన్నాను, పంపుకుంది. కానీ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది, రిపోర్టు పూర్తి కావాలంటే అది ఆగకూడదు. పైకి వెళ్లి సుధకు దిమ్మ చూపించాను. మొదట నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నాతో పాటు లేచింది. ఇంట్లో ఇంకో ఛార్జర్ పెట్టారేమోనని ఇద్దరం వెతికాం. ఫోన్ ఛార్జర్లన్నీ పైనే, ఎక్కడివక్కడే ఉన్నాయి; హారిక ఫోనుకూ ఈ దిమ్మే. సుధ ల్యాప్‌టాప్‌ది గుండ్రటి పిన్ను.

బల్ల జరిపితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. జీవితమంతా పరీక్షించకుండా దేన్నీ నమ్మనివాణ్ని, ఆ బల్ల మీద చెయ్యి వేయలేకపోయాను.

"కదిలించకండి నాన్నా," అంది సుధ నెమ్మదిగా. "అది ఆగిపోతే ఆ పిల్ల గతేంటి?"

బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చున్నాను. ఆమె టైపు చేస్తున్న చప్పుడు వింటూ, జేబులో దిమ్మను పట్టుకుని. బయట మంచు కురుస్తోంది. కాపలా కాస్తున్నానా, భయపడుతున్నానా అంటే ఇప్పటికీ చెప్పలేను. చీకటి పడ్డాక హారిక కుర్చీ వెనక్కి జరిపి, "పోయింది అంకుల్, సబ్మిట్ అయింది," అంది. ఆమె ఏడ్చింది అప్పుడే. బల్ల మీదివన్నీ అలాగే వదిలేసి పడుకోమన్నాను.

మర్నాడు ఉదయం ముగ్గురం కలిసి బల్ల జరిపాం. అప్పటికి హారికకు సంగతి చెప్పేశాను. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

కేబుల్ రెండో కొస కార్పెట్ మీద పడి ఉంది. దేనికీ తగిలించి లేదు. దాని చుట్టూ సన్నటి దుమ్ము, కదిలిన జాడ లేదు. బ్యాటరీలో మిగిలిన ఛార్జింగ్ అనుకుందామంటే, అది నిన్న మా కళ్ల ముందే ఆరిపోయింది.

ఆ కొసను చేతిలోకి తీసుకున్నాను. వేడి లేదు, జివ్వుమనలేదు. సుధ, హారిక నా వైపే చూస్తున్నారు. ఏం చేయాలో తోచలేదు. తెలిసింది ఒక్కటే ఉంది, పని అయ్యాక లైన్‌మన్ చెప్పే ఆ మాట. మా శాఖలో అది కరెంటు ఆపినప్పటి మాట, ఇక్కడ జరిగింది తలకిందులు. అయినా గొంతు సవరించుకుని, ఎవరితో అంటున్నానో తెలియకుండానే అన్నాను.

"పని అయిపోయింది. లైను తిరిగి ఇస్తున్నాం."

దీపం ఆరిపోయింది.