సాన్‌మెయ్ పొదిగిన గుడ్లు

క్వాంగ్ సాన్‌మెయ్ తన పుట్టింట్లో మూడో ఆడపిల్ల. పేరు కోసం తండ్రి పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోలేదు. సాన్‌మెయ్ అంటే మూడో చెల్లి అనే అర్థం. ఇరవయ్యో ఏట డెంగ్ వాళ్ళింటి కోడలై ఈ కొండల నడిమి ఊరికి వచ్చింది. ఆ ఇంటి పని గుడ్లు పొదిగించడం. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వరి మళ్ళలోకి తోలే బాతుపిల్లలన్నీ ఆ ఇంట్లోనే కళ్ళు తెరిచేవి. పెళ్ళయిన కొత్తలో ఆరేళ్ళపాటు ఆమె అత్తగారి వెంట ఊక బుట్టల మధ్యా, గుడ్లు పరిచిన బల్లల పక్కనా కునుకుపాట్లు పడింది. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు కూడా అంతగా మేలుకుని ఉండలేదని నవ్వుతూ చెప్పేది.

తర్వాత కరెంటు మిషన్లు వచ్చాయి. కొందామని పట్టుబట్టింది సాన్‌మెయ్యే. బీరువాల్లాంటి మూడు చెక్క మిషన్లు ఇంట్లోకి దిగిన రోజున అత్తగారు మూతి ముడుచుకుని, నెల రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదు. అదంతా పాత సంగతి. ఇప్పుడు సాన్‌మెయ్‌కి యాభై రెండు, అత్తగారికి డెబ్బై తొమ్మిది. ముసలావిడకు చూపు మందగించింది, నోరు మాత్రం మందగించలేదు.

ఆ చలికాలం, కొత్త సంవత్సరం పండుగ ఇంకా మూడు వారాలుందనగా, వాన మొదలైంది. వానే, కానీ తాకిన చోటల్లా గడ్డకట్టింది. నారింజ చెట్ల కొమ్మలు గాజులో ముంచి తీసినట్టయ్యాయి. రెండో రోజుకు కొండ మీది వెదుళ్ళు ఆ బరువుకు ఫటఫటా విరగడం మొదలుపెట్టాయి. మూడో రోజు పొద్దున కరెంటు పోయింది. మామూలుగా పోయేదే కదా అనుకుంది సాన్‌మెయ్. మధ్యాహ్నానికి వీధిలో కబురు తెలిసింది. కొండ అవతల లైను టవర్లు మంచు బరువుకు మోకాళ్ళ మీద కూలబడ్డాయట, బాగుచేసేవాళ్ళు రావడానికి రోడ్డే లేదట.

ఆమె మొగుడు షుయిగెన్ ఇంట్లో లేడు. మేనల్లుడి లారీలో నారింజలు వేసుకుని దక్షిణానికి పోయాడు. దారిలో ఎక్కడో వందల లారీల మధ్య ఇరుక్కుని ఉంటాడు. ఒకసారి ఫోన్ చేసి, "నేను బాగానే ఉన్నాను, నూడుల్స్ తింటున్నాను," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ చచ్చిపోయాయి.

సాన్‌మెయ్ మిషన్ల ముందు నిలబడింది. రెండింటిలో పదిహేడు రోజుల గుడ్లు, పన్నెండు వందలు. మూడోదాంట్లో అయిదు రోజుల గుడ్లు, ఆరు వందలు. లోపలి వేడిమాపకంలో ముల్లు కళ్ళ ముందే దిగజారుతోంది. జనరేటర్ కోసం పరుగెత్తి చూసింది. ఊళ్ళో ఉన్నది ఒక్కటే, అది అప్పటికే ఆసుపత్రికి పోయింది.

"ఏమే, మిషను కాలం చేసిందా?" అంది అత్తగారు. ఆవిడ లోపల నిప్పుల కుంపటి పెట్టిన చెక్కపెట్టె మీద కూర్చుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఉంది.

"దెప్పాలంటే తర్వాత దెప్పు అత్తా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"నీకు తెలీదా? ఆరేళ్ళు నా పక్కన పడుకుని చేశావుగా."

తెలుసు. తెలిసినా చేతులు ఆడటం లేదు, అంతే. ఆమె కొట్టుగదిలోంచి పాత బల్లలు లాక్కొచ్చింది. అటకెక్కించిన మంచాలు కూడా దించి ముందు గదిలో వరసగా వేసింది. మీద గడ్డి, గడ్డి మీద చాపలు. ముసలావిడ పెట్టె మీది నుంచే హుకుములు జారీ చేసింది: "అంచుల్లో ఊక దట్టంగా పొయ్యి. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కు. కుంపట్లు మూలల్లో పెట్టు, మంచాల కింద కాదు."

పదిహేడు రోజుల గుడ్డుకు సొంత వేడి కొంత ఉంటుంది. వందల గుడ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, పైన కప్పు ఉంటే ఒకదానికొకటి కాచుకుంటాయి. అయిదు రోజుల గుడ్డుకు ఆ శక్తి లేదు. ఆ ఆరు వందలను కూడా కాపాడాలని ఆ రోజంతా కుంపట్ల చుట్టూ తిరిగింది. మర్నాటికి చేతులెత్తేసింది. వాటిని పందుల కోసం ఉడకబెడుతున్నంతసేపూ ఎవరికీ ముఖం చూపించలేదు.

ఇక గుడ్ల మీద కప్పడానికి దూది రజాయిలు. ఇంట్లో ఉన్నవి ఆరే. వీధిలో అడగబోయింది. ముందుగా ఎదురుపడింది పక్కింటి లువో వదిన. మురుగుకాలవ విషయంలో ఈ రెండిళ్ళకూ నాలుగేళ్ళుగా పడదు. బాతుల కంపుకి తన నూడుల్స్ కొట్టు గిరాకీ చెడిందని లువో వదిన ఎప్పుడూ అంటూ ఉంటుంది.

"గుడ్లకి రజాయిలా? మనుషులం మేం చలికి బిగుసుకుపోతుంటే?" అంది లువో వదిన.

"లేకపోతే లేదని చెప్పు వదినా, ఇంకో గుమ్మానికి పోతాను."

"లేదని ఎవరన్నారు? అడిగే పద్ధతి ఒకటుంటుందిగా." లోపలికి వెళ్ళి ఎర్ర పువ్వుల రజాయి తెచ్చింది. "నా కూతురి పెళ్ళికని కుట్టించాను. పిల్ల ఇంకా పెళ్ళే వద్దంటోంది, బాతులన్నా కప్పుకోనీ." వెనక్కి తిరిగి పోతూ, "కొట్టు మూసే ఉందిగా, ఒక బస్తా బొగ్గు కూడా పడేస్తాలే," అంది.

అలా వీధి మొత్తం మీద పదకొండు రజాయిలు పోగయ్యాయి. రెండు గంటలకోసారి అంచు గుడ్లు నడిమికీ, నడిమి గుడ్లు అంచుకూ మార్చాలి. వేడి చూడటానికి ఆ ఇంట్లో ఉన్న పాత పద్ధతి ఒక్కటే. కళ్ళు మూసుకుని గుడ్డుని కనురెప్పకు ఆనించాలి. రెప్పకి హాయిగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. సాన్‌మెయ్ బట్టలు మార్చకుండా, మంచాల పక్కనే పీట మీద కూర్చుని నిద్రా లేక, మెలకువా లేక మూడు రోజులు గడిపింది.

నాలుగో రోజు ఆమెకు అనుమానం పట్టుకుంది. ఏ గుడ్డు ఆనించినా వేడిగానే తగులుతోంది. తన ముఖమే మంచుగడ్డలా ఉంది కదా, చల్లటి రెప్పకి ఏదైనా వేడిగానే ఉంటుంది, నిజానికి గుడ్లు చల్లారిపోతున్నాయేమో అనుకుంది. బయట వాన మళ్ళీ అందుకుంది. భయం కొద్దీ ఇంకో రెండు రజాయిలు పైన వేసింది.

"నాకో గుడ్డు ఇలా తే," అంది అత్తగారు.

నిప్పుల పెట్టె మీద కూర్చున్న ముసలావిడ ముఖం వెచ్చగా ఉంది. గుడ్డుని ఎడమ రెప్పకి ఆనించింది, మళ్ళీ కుడి రెప్పకి. ముఖం చిట్లించింది.

"దీనికి జ్వరం తగిలిందే. రజాయిలు తీసెయ్."

"ఇంత చలిలోనా? కుండలో నీళ్ళు గడ్డకట్టాయి అత్తా."

"నువ్వు చూస్తున్నది కుండని. నేను చూస్తున్నది గుడ్డుని. ఇరవై ఒకటో రోజు వచ్చిందంటే లోపల ఉన్నది సొన కాదు, ప్రాణి. పన్నెండు వందల మంది ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకుంటే ఇన్ని రజాయిలెందుకు? ఉడికిపోతున్నాయి, తియ్యవే."

సాన్‌మెయ్ గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కొచ్చిన రజాయిల్ని ఒక్కొక్కటే లాగేసింది. ఆఖరిది తీసేసరికి మంచం మీది నుంచి అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి లేచింది. నడిమి గుడ్లు చెయ్యి పెడితే చుర్రుమన్నాయి. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు వరసల్లో పేర్చిన గుడ్లను ఒక వరసగా పరిచేసి, తలుపు కాస్త తెరిచి, గోరువెచ్చని నీళ్ళు చేత్తో చిలకరించింది. తర్వాత గోడకి ఆనుకుని కూలబడింది.

"నా వల్లే పోయుంటాయి," అంది.

"కొన్ని పోయుంటాయి. అన్నీ పోవు," అంది అత్తగారు. "నా పెళ్ళయిన రెండో ఏడు నేనూ ఇలాగే వండిపెట్టాను. మీ మావగారు మూడు రోజులు అన్నం తినలేదు. నీకు చెప్పలేదు కదూ?"

"ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు."

"చెప్తే నా మాట విని ఉండేదానివా?"

ఎన్ని బతికి ఉన్నాయో నాలుగు రోజుల దాకా తెలియలేదు. గుడ్డుని వెలుగుకి పట్టి చూద్దామంటే టార్చిలైటులో బ్యాటరీలు అయిపోయాయి, కొవ్వొత్తి వెలుగులో లోపలిది కనిపించడం లేదు. ఇరవై అయిదో రోజు మధ్యాహ్నం సాన్‌మెయ్ కంచు బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పోసి వాకిట్లో పెట్టింది. లువో వదిన, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పది గుడ్లు మెల్లగా నీళ్ళలో వదిలింది. అవి తేలాయి. నీళ్ళు నిలకడ అయ్యేదాకా అందరూ వంగి చూశారు.

ఒక గుడ్డు ఉలిక్కిపడ్డట్టు కదిలింది. దాని పక్కది తల ఊపింది. ఎవరూ ముట్టుకోకుండానే, గాలైనా వీచకుండానే, బేసిన్లో తొమ్మిది గుడ్లు అటూ ఇటూ ఊగాయి.

"అమ్మో, లోపలి నుంచి తంతున్నాయే," అంది లువో వదిన.

పదోది కదల్లేదు. దాన్ని సాన్‌మెయ్ పక్కన పెట్టింది. తర్వాతి పది వదిలింది. మళ్ళీ తొమ్మిది. సాయంత్రానికి అన్నీ చూశాక, కదలనివి ఒక బుట్టెడు తేలాయి, అంతే. అప్పుడు ఆమెకి ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటుంటే లువో వదిన వీపు మీద ఒక్కటి చరిచింది. "బతికినందుకు ఏడుస్తావేంటి పిచ్చిదానా. లే, మా ఇంట్లో ముల్లంగి పులుసు కాగుతోంది. ఇంత తాగి రా, అందాకా నేను చూస్తాలే నీ గుడ్లని."

ఆ మర్నాడే షుయిగెన్ వచ్చాడు. బూట్లకి గడ్డితాడు చుట్టుకుని, లారీని మేనల్లుడికి వదిలేసి, మూడు రోజులు రోడ్డు వెంట నడిచి వచ్చాడు. చెంపలు నల్లగా పగిలిపోయాయి. తలుపు తోసి, తన మంచం మీద కూడా గుడ్లే ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేనెక్కడ పడుకోను?"

"ముందు తలుపెయ్యి, గాలి వస్తోంది," అంది సాన్‌మెయ్. తలుపు వేశాక అతని చెవులు రెండు అరచేతులతో పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడింది. చెవులు చల్లగా ఉన్నాయి, మనిషి మాత్రం క్షేమంగానే ఉన్నాడు. ఆమె మనసు కుదుటపడింది.

ముసలావిడ పెట్టె మీది నుంచి, "వాణ్ణి వదలవే, గుడ్లు తిప్పే వేళయింది. నువ్వూ ఒక చెయ్యి వెయ్యరా," అంది.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున మంచాల మీది నుంచి గోళ్ళతో కాగితం గీకినట్టు చప్పుడు మొదలైంది. ముందు పెంకుకి చిన్న పగులు, తర్వాత ముక్కు. మధ్యాహ్నానికి గదంతా కిచకిచలే. తడిసి ముద్దయిన పిల్లలు ఆరి పసుప్పచ్చ బంతుల్లా అయ్యాయి. వెయ్యికి పైగానే బతికాయి. కుంపట్ల పక్కన వాటిని బుట్టలకెత్తడం, నానబెట్టిన నూకలు వెయ్యడం, నీళ్ళు పట్టడం ముగ్గురికీ మూడు రోజులు సరిపోయింది.

ఆ సందట్లో కరెంటు ఎప్పుడొచ్చిందో సాన్‌మెయ్ చూడనేలేదు. కరెంటు పోయిన పదమూడో రోజు మధ్యాహ్నం వీధిలో జనం కేకలు పెడుతుంటే, ఏదో గొడవనుకుని తలెత్తింది. నెత్తి మీద బల్బు వెలుగుతోంది. లోపలి గదిలో మిషన్లు ఖాళీగా గుయ్యిమంటున్నాయి.

"వాటిని కట్టేసి రా," అంది మొగుడితో. "పండగ వెళ్ళాక మళ్ళీ పెడదాం."

"ఇంకా మిషన్లోనేనా?" అన్నాడు షుయిగెన్, తల్లి వంక ఓరగా చూస్తూ.

ముసలావిడ ఒళ్ళో ఒక పిల్లని పెట్టుకుని వేలితో దాని వీపు రాస్తోంది. "మిషన్లోనే. దానికి కునుకు రాదు, అదొక్కటే దాని గొప్ప. మీ ఆవిడ మొహం చూడు, పీక్కుపోయింది. ఇంకో విడత ఇలా చేసిందంటే దాన్నే మంచం మీద పెట్టి పొదగాల్సి వస్తుంది."

సాన్‌మెయ్ నవ్వింది. నవ్వుతూ తల గోక్కుంటే వేళ్ళకి ఊకా గడ్డిపరకా తగిలాయి. పదమూడు రోజులు తల దువ్వుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పెద్ద గిన్నెతో నీళ్ళు కాచుకుని, వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. చూరుల నుంచి మంచు కరిగి చుక్కలుగా పడుతోంది. షుయిగెన్ చెంబుతో నీళ్ళు పోస్తుంటే జుట్టులోంచి ఊక కొట్టుకుపోయింది.

"వేడెక్కువైందా?" అన్నాడు.

"లేదు. సరిగ్గా ఉంది. ఆపకుండా పొయ్యి," అని ఆమె కళ్ళు మూసుకుంది.