అమ్మకు ఆసుపత్రిలో పెట్టిన పేరు

మా ముత్తాతగారు పాతపట్నం వైపు కొన్ని గ్రామాల శిస్తు అనుభవించిన మొఖాసాదారు, మా తాతగారు తీర్పు చెప్పడానికి కూర్చుంటే సావడి కిక్కిరిసిపోయేది, మా నాన్నగారి నాటికి కోర్టు వ్యాజ్యాలు మిగిలాయి. మొన్న శ్రీకాకుళంలో కంటి ఆసుపత్రికి వెళ్తే, అక్కడి అమ్మాయి మైకులో మా ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా చదివింది. ఆవిడ నవ్వుతూ లేచి వెళ్లింది. నేను మాత్రం ఎవరెవరు విన్నారోనని చుట్టూ చూశాను.

మా ఇంట ఆడవారి పేరు నలుగురిలో పలికే ఆచారం లేదు. జబ్బు చేస్తే వైద్యుడే మేడకు వచ్చేవాడు. అరవయ్యో దశకం చివర, నాన్నగారూ పోయి, ఎడ్లూ బండీ కూడా పోయాక, అమ్మకు కడుపులో గడ్డ లేచింది. పట్నం డాక్టరు ఇళ్లకు రాడు, పొద్దున్నే పేరు రాయించుకుంటే కాంపౌండరు అరుగు మీద నిలబడి కేకేస్తాడు. ప్రాణం పోయినా తన పేరు అక్కడ అరిపించవద్దని అమ్మ ఆ ఎండాకాలమంతా పళ్ల బిగువున భరించింది.

ఎవరినీ ఏదీ అడగని నేను అడగగలిగినవాడు ఒక్కడే, పక్క ఊరి రైతుబిడ్డ, నాతో చదువుకున్న స్నేహితుడు. నేను వరసలో నిలబడలేనని ఎరిగి, మా కిరసనాయిలు తేవడం దగ్గర నుంచి ప్లీడరుగారిని కలిసే వేళ కనుక్కోవడం దాకా అతనే చూసేవాడు. అమ్మ సంగతి చెప్పగానే తేల్చేశాడు.

"ఇంతేనేటి బావా? మాయమ్మ పేరు రాయించేత్తాను. దాన్ని ఊరంతా పేరెట్టే కేకేత్తారు, కొత్తేటి?"

మర్నాడు అతను ముందు వెళ్లి పేరు రాయించాడు. మేము చుట్టూ దుప్పటి కట్టిన జట్కాలో వెళ్లి ఆసుపత్రి ముందు ఆగాం. కాంపౌండరు అరుగు మీదికి వచ్చి కేకేశాడు.

"అప్పలనరసమ్మెవులు? బేగి రావాల!"

అమ్మ పైట సర్దుకుని, ఆ పేరుకు దిగి లోపలికి నడిచింది.

తిరుగుదారిలో దుప్పటి వెనుక నుంచి, జట్కా పక్కన నడుస్తున్న అతన్ని అడిగింది.

"మీ అమ్మ పేరు పెట్టుకున్నాను, నా రోగం ఆవిడకు చుట్టుకోదు కదా నాయనా?"

"మాయమ్మ రాయిలాటిదండి. దాని ఆయుస్సే మీకొస్తాది, సూడండి" అని నవ్వాడు గాని నా వైపు చూడలేదు. ఎండలు ముదరకముందే తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాణ్ణని డాక్టరు చెప్పినప్పుడు ఇద్దరం అక్కడే ఉన్నాం.

అతను ఆ పేరు మీదే మందులు తెస్తూ వచ్చాడు. చలికాలంలో అమ్మ పోయింది.

ఇప్పుడు ఫోనులో వేళ ఖాయం చేసుకుంటారు, ఎవరి పేరైనా గోడలు అదిరేలా పిలుస్తారు, ఎవరి పరువూ పోదు. ఆ స్నేహితుడూ పోయాడు, నోరు తెరిచి ఒక పని అడగడానికి నాకు మనిషి లేడు. అమ్మను మా మామిడితోటలోనే, పెద్దల సమాధుల పక్కన దహనం చేశాం. మరుసటి వేసవిలో ఆ తోటను కాపుతో సహా అమ్మేశాం.