బస్సెక్కినట్టు సాక్షి సంతకం

మా బాబాయికి లోకంలో ఎవరి మాట మీదా నమ్మకం లేదు, సంతకం మీద తప్ప. నిజానికి ఆయన నాకు వరసకు బాబాయేమీ కాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇద్దరం కాంట్రాక్టు మెకానిక్కులం, ఊరూరూ జంటగా తిరిగేవాళ్ళం. బస్సు కదిలిందో లేదో సంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసేవాడు.

“ఎక్కామా?”

“ఎక్కాం.”

“పెట్టు సంతకం.”

“పక్కనే కూర్చున్నాను కదా బాబాయ్, కనబడటం లేదా?”

“నాకు కనబడుతోందిరా. ఆఫీసుకి కనబడాలిగా!”

బస్సు నంబరు, టైము, స్టాపు ఆయన రాస్తే కింద నేను గిలికేవాణ్ణి. దిగాక మళ్ళీ ఇంకోటి. ఒకసారి నిద్రపోతున్న పెద్దాయన్ని తట్టిలేపి, “మేమిద్దరం ఈ బస్సులోనే ఉన్నామని చూశారుగా?” అని పెన్ను చేతికిచ్చాడు. పాపం, ఆయన కంగారుగా సంతకం పెట్టేసి తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. అది ఆయన దిగాల్సిన స్టాపు కాదని నాకిప్పటికీ గట్టి అనుమానం.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మంటంతా సంతకం కిందే కక్కేవాణ్ణి. ‘ఇదే ఆఖరు’, ‘నిద్ర చెడగొట్టి పెట్టించుకున్నది’ అని. బాబాయి తీరిగ్గా చదివి, “బావుంది, తేదీ కూడా వెయ్యి” అనేవాడు.

అలా ఉండగా నా కొంప మునిగింది. హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడట. మూడు నెలల ప్రయాణ ఖర్చులకు ఎవరి టిక్కెట్లు వాళ్ళే చూపించాలట. చూపలేనివాళ్ళు దొంగ బిల్లులు పెట్టినట్టే, కాంట్రాక్టు ఆ పూటతో సరి. నేనేమో అంతకుముందు ఆదివారమే బ్యాగు మాసిందని సబ్బునీళ్ళలో నానబెట్టి ఉతికి ఆరేశాను, లోపల టిక్కెట్లున్న సంగతి మరిచి! అద్దెకు దిగిన కొత్తింట్లో మూటలింకా విప్పనే లేదు. ఈ పని పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

తనిఖీ రోజు ఆఫీసు వరండాలో కూర్చుంటే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నాకంటే ముందు లోపలికెళ్ళిన వైరింగు మనిషి బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పానాల పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత నన్ను పిలిచారు.

“ఇదేమిటి?” అన్నాడు అధికారి, నేను బల్ల మీద పెట్టిన ఎండిన ముద్దను పెన్సిలుతో పొడుస్తూ.

“టిక్కెట్లు సార్.”

“ఎన్ని?”

“ఇప్పుడు ఒకటే సార్.”

ఆయన నవ్వలేదు. ఎర్రపెన్ను మూత తీసి నా పేరు మీద ఆనించాడు.

అంతలో తలుపు తోసుకుని బాబాయి వచ్చాడు, చేతిలో ఎర్ర పుస్తకంతో. “ఒక్క నిమిషం సార్. మావాడు ఎక్కడ ఎక్కాడో, ఎక్కడ దిగాడో అన్నీ సంతకాలతో సహా ఇందులో ఉన్నాయి.”

“ఇవన్నీ నిన్న రాత్రి కూర్చుని పెట్టించినవి కావని నమ్మకమేమిటి?”

బాబాయి పుస్తకాన్ని ఆయన ముందుకు జరిపాడు. అధికారి ఒక్కో పేజీ తిప్పసాగాడు. ఉన్నట్టుండి ఆయన పైకి చదవడం మొదలెట్టాడు.

“‘ఈ ముసలాయన పీడ ఎప్పుడు వదులుతుందో.’ ఇది నువ్వు రాసిందేనా?”

నేను తల దించుకున్నాను.

“‘కడుపులో తిప్పుతోందన్నా వదల్లేదు.’ ‘నా ఖర్మ.’ ‘మళ్ళీ నా ఖర్మ.’” ఆయన పుస్తకం మూసి, ఎర్రపెన్నుకీ మూత పెట్టాడు. “ఇంత విసుగు ఒక్క రాత్రిలో తయారు కాదయ్యా. వెళ్ళు, పని చూసుకో.”

నేను దణ్ణం పెడుతుంటే బాబాయి పుస్తకం మళ్ళీ తెరిచాడు. “సార్, ఇది చూసినట్టు తమరిది ఒక సంతకం...”

ఆయనా పెట్టాడు, పాపం!

తిరుగు బస్సులో అడిగాను. “నీ టిక్కెట్లు ఒక్కటీ పోలేదు కదా బాబాయ్, నీకెందుకీ పుస్తకం?”

“నాకెందుకురా! పనిలో చేరిన మొదటిరోజే నువ్వు టిక్కెట్టు చుట్టి చెవిలో తిప్పుకున్నావు. బస్సు దిగగానే పుస్తకం కొన్నాను.”

ఆ మనిషిని అక్కడికక్కడే కావలించుకోవాలనిపించింది. ఆయన అడక్కముందే పెన్ను లాక్కుని సంతకం పెట్టి, కింద ‘ఈసారి మనస్ఫూర్తిగా’ అని రాశాను.

బాబాయి కళ్ళజోడు సవరించుకుని చదివి, పుస్తకం మళ్ళీ నా ఒళ్ళో పెట్టాడు.

“ఇలా రాస్తే ఆఫీసు నమ్మదురా. కాస్త విసుక్కో.”