కూడలిలో చూలాలి రాయి

అమలాపురంలో మా వీధి చివరనున్న పాత కూడలిని నేను ఎక్కువగా తలుపు చాటునుంచే చూసేదాన్ని. కుంఫిణీవారి కాలంనాటి ఠాణా, చెక్క స్తంభాల చావడి, నడిమధ్య పసుపు పూసిన నిలువెత్తు రాయి. చావడి దూలానికి ఎవరో తిరుగుబాటుదారుణ్ణి కట్టేస్తే, తెల్లారేసరికి తాళ్ళు మాత్రమే మిగిలాయట. మామ్మ చెప్పిన ఇలాంటివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. రాయి కథ రాయాలంటే మాత్రం చెయ్యి వచ్చేది కాదు.

ఆ రాయి ఒకప్పుడు నిండు చూలాలట. నొప్పులతో ఇల్లిల్లూ తిరిగితే ఒక్కరూ తలుపు తియ్యలేదట. అక్కడే కూలి శిలయిపోయిందట. అందుకని కడుపుతో ఉన్నవాళ్ళు ఆవిడ కంటపడకూడదు. వెనక సందులోంచి తిరిగి వెళ్ళాలి. ఆసుపత్రేమో కూడలికి అవతల.

ఆ శ్రావణంలో వదినకు నెల ముందే నొప్పులొచ్చాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అన్నయ్య కాకినాడలో, నాన్నగారు పొలంలో. వదినను జట్కా ఎక్కించి, మామ్మ బండిని సందులోకి తిప్పమంది.

"సందులో మోకాల్లోతు నీళ్ళండి మామ్మగారూ. బండి దిగబడిపోద్దండి," అన్నాడు జట్కా అతను.

"దిగబడితే నువ్వు మొయ్యి."

"ఆయ్, మోస్తానండి. మరి గుర్రాన్నెవరు మోస్తారండి?"

వదిన గోళ్ళు నా మణికట్టులో దిగాయి. బయటివాళ్ళ ముందు నోరెత్తని నేను, "తిన్నగా పోనివ్వండి," అన్నాను. నాకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను.

మామ్మ నావైపొకసారి చూసి, బండి దిగింది. వానలో గబగబా నడిచి, తలమీది దుప్పటి తీసి రాయికి కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"ఊఁ, తోలు! ఆవిడ చూడట్లేదు!"

చావడిలో చుట్ట కాలుస్తున్నాయన, "ఏవండీ, అమ్మవారికి చలేసిందాండి?" అని నవ్వాడు.

"మీ ఇంట్లో కాన్పొచ్చినప్పుడు అడుగు, చెప్తాను," అంది మామ్మ.

ఆసుపత్రిలో వదినను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. నేను చదివిన పుస్తకాల ధైర్యమంతా బయట బల్లమీద కూర్చోగానే జారిపోయింది. నా మాట వల్ల వదినకేమైనా అయితే? కాసేపటికి మామ్మ ముద్దగా తడిసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏడుపు వినపడిందా?"

"లేదు మామ్మా."

తిడుతుందేమోననుకున్నాను. ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి, అంతే. లోపల పళ్ళెమేదో కిందపడింది. ఆ తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. చివరికి సన్నగా, పిల్లికూన అరిచినట్టు ఏడుపు. మామ్మ లేవబోయి, లేవలేక నా చెయ్యి పట్టుకుంది.

నర్సు తలుపు తీయగానే, "వదిన?" అన్నాను.

"ఇద్దరూ బానే ఉన్నారండి. మీరు ముందా పెద్దావిడకి పొడిబట్టేదైనా చూడండి."